ఎదుటి కుర్చీ

వెంకట్రాజం బేరానికి కూర్చుంటే ఎదుటివాడికి చెమట పట్టాల్సిందేనని వరంగల్ మిర్చి వ్యాపారుల్లో ఒక పేరు. అలాంటి మనిషికి ఆ ఏడు మొదటిసారి గుండెల్లో బెదురు పుట్టింది. ఈసారి ఆయన కొనబోయేది మిర్చి కాదు, పత్తి కాదు. విమానం.

ఎనభై ఏడో సంవత్సరం అది. చిన్న విమానాలు ప్రైవేటువాళ్ళూ నడుపుకోవచ్చని కొద్ది నెలల కిందటే ఢిల్లీ ఒప్పుకుంది. మామునూరులో నిజాం కాలం నాటి రన్‌వే ఉండనే ఉంది. పొద్దున్నే అక్కడ ఎక్కి హైదరాబాదులో దిగితే బొంబాయి వెళ్ళే పెద్ద విమానం అందుతుంది. మధ్యాహ్నానికి బొంబాయి బజార్లో ఉండొచ్చు. వరంగల్లో, హనుమకొండలో అలా పరుగెత్తాల్సిన షావుకార్లు, డాక్టర్లు, కంట్రాక్టర్లు ఎవరెవరో వెంకట్రాజానికి పేర్లతో సహా తెలుసు. తెలియనిదల్లా విమానం అమ్మేవాడితో ఎలా మాట్లాడాలన్నదే.

ఆ తయారీ అంతా పెద్ద కూతురు భారతి మీద పడింది. హనుమకొండలో బీకాం చదివి, పెళ్ళి మాట ఎత్తినప్పుడల్లా ఏదో ఒక పని అడ్డం పెట్టుకుని, తండ్రి ఇంగ్లీషు వ్యవహారాలన్నీ ఆమే చూసుకుంటోంది. విమానాలు అమ్ముతామంటూ రెండు కంపెనీలు పోటీపడుతున్నాయి. ఒకరిది పంతొమ్మిది సీట్లది, ఇంకొకరిది తొమ్మిది సీట్లది. పెద్దది సగం ఖాళీగా ఎగిరితే కొంప మునుగుతుంది. చిన్నది మే నెల ఎండలో నిండా జనంతో లేస్తుందో లేదో అనుమానం. గాలి వేడెక్కితే రెక్కలకు పట్టు చిక్కదని భారతి చదివింది. దానికి తోడు, ప్రభుత్వ సర్వీసు కూడా ఇదే దారిలో తక్కువ టికెట్టుతో దిగుతుందని ఒక పుకారు. ఆఖరికి తండ్రీకూతుళ్ళు చిన్నదానివైపే మొగ్గారు. దాన్ని అమ్మే బొంబాయి కంపెనీ మనిషి పేరు ఫిరోజ్ దస్తూర్. ఆయన్ని వీళ్ళు చూసింది లేదు, ఫోన్లో గొంతు విన్నది కూడా లేదు.

"బాపూ, మనం ముందుగాల రిహార్సల్ చేద్దాం," అంది భారతి ఒకనాడు. "కాలేజీల డిబేట్‌కు గట్లనే చేసేటోళ్ళం. ఒకలు అవతలి పార్టీ లెక్క కూసొని అడ్డమైనయన్ని అడుగుతరు. ఇగ అసలు రోజు బెదురుండదు."

"దస్తూర్ లెక్క ఎవలు కూసుంటరే?"

"సారంగం మామ లేడా!"

సారంగపాణి భారతికి మేనమామ. కాజీపేట స్టేషన్లో టికెట్లిచ్చి రిటైరైన మనిషి. రైల్వే ఇన్‌స్టిట్యూట్ నాటకాల్లో ఆయన వేయని వేషం లేదు. మిల్లు యజమాని వేషం వేస్తే నాటకం అయిపోయాక కూడా కూలీలు దూరంగా నిలబడి మాట్లాడేవాళ్ళట. అడగ్గానే పాత నల్లకోటు ఒకటి దులుపుకుని వచ్చేశాడు.

స్టేషన్ రోడ్డు వెనక వాళ్ళ మిర్చి గోదాం ఉంది. దాని పైన ఒక గది. హమాలీలు భోజనాలు చేసి బస్తాల మీద నడుం వాల్చే వేళ, ముగ్గురూ ఆ గదిలో కూర్చునేవాళ్ళు. తండ్రీకూతుళ్ళు ఒక పక్క, కిటికీకి వీపు పెట్టి సారంగపాణి ఎదుటి కుర్చీలో. మొదటి కొన్నాళ్ళూ నవ్వులే. దస్తూర్ ఎలా ఉంటాడో తెలియదు కాబట్టి సారంగపాణి తనకు తోచినట్టు కాలు మీద కాలేసుకుని, హిందీ కలిపిన తెలుగులో గీర పోయేవాడు. వెంకట్రాజానికి కోపం వచ్చేది. కోపం వస్తే బేరం చెడుతుందని భారతి గుర్తుచేసేది. విమానం ఎప్పుడు చేతికిస్తారు, తర్వాత రెండోది కావాలంటే ఇస్తారా, అదనపు ఇంజను సంగతేమిటి, పైలట్లకు శిక్షణ ఎవరిది, ఒక్కొక్కటీ అడగడం, మాట తిప్పడం, ఊరుకోవడం నేర్చుకుంటున్నారు. మధ్యలో కింది నుంచి చాయ్ వచ్చేది. సారంగపాణి దాంట్లో ఇంకో రెండు చెంచాల చక్కెర కలుపుకునేవాడు.

ఒక మంగళవారం సారంగపాణి దగ్గాడు.

వినేవాళ్ళకు అది పెద్ద విషయం కాకపోవచ్చు. కానీ ఆ గోదాం ఘాటుకు దగ్గేది బయటి ఊరివాళ్ళే. సారంగపాణి ఆ బజార్లో పుట్టి పెరిగినవాడు. ఆయన దగ్గగా భారతి ఎన్నడూ వినలేదు. ఆ రోజు కళ్ళ వెంట నీళ్ళు కారేదాకా దగ్గి, జేబులో లేని రుమాలు కోసం తడుముకున్నాడు. చాయ్ ఒక గుక్క తాగి, తీపి తగిలి ముఖం చిట్లించి గ్లాసు పక్కన పెట్టాడు.

"రెండో విమానం మీకు రాదు," అన్నాడు. పూర్తి హిందీలో, నెమ్మదైన, అలసిన గొంతుతో. "హైదరాబాదు పార్టీకి మాట ఇచ్చేశాం. రాజేశ్వర్ రావు గారికి."

వెంకట్రాజం నవ్వాడు. "వారెవ్వా సారంగం! గీ పేరు యాడికెళ్ళి పట్టుకొచ్చినవ్?"

సారంగపాణి నవ్వలేదు. కాసేపటికి తల విదిల్చి, "నేనేమన్న?" అని అడిగాడు.

సాయంత్రం భారతి మనసు ఊరుకోక హైదరాబాదుకు ట్రంక్ కాల్ బుక్ చేసింది. తండ్రి స్నేహితుడొకడు అక్కడ ట్రావెల్స్ నడుపుతాడు. రాజేశ్వర్ రావు అనే మనిషి నిజంగానే ఉన్నాడు. వరంగల్ దారిలో విమానం తిప్పాలని నిజంగానే చూస్తున్నాడు. ఆ సంగతి ఇంకా బయటికి పొక్కలేదని, నీకెట్లా తెలిసిందమ్మా అని ఆయనే ఎదురు అడిగాడు.

ఆ మాట వినగానే వెంకట్రాజం కళ్ళలో ఒక మెరుపు కనబడింది. భారతికి ఆ మెరుపు తెలుసు. సరుకు తక్కువకు దొరికేటప్పుడు వచ్చేది అది.

ఆనాటి నుంచి గదిలో రిహార్సల్ లేదు. అడగడమే. సారంగపాణి కోటు తొడుక్కుని కూర్చోవడం, కళ్ళు కొద్దిగా మూతపడటం, దగ్గు రావడం, ఆ తర్వాత వెంకట్రాజం ఒక్కొక్క ప్రశ్నే వేయడం. తొమ్మిది సీట్లని రాసిన్రు, మా మే నెల ఎండకు ఎందరిని మోస్తది? "ఆరుగురిని. అది మేము కాగితం మీద పెట్టం." అదనపు ఇంజను ఉచితంగా ఇస్తరా? "గట్టిగా అడిగితే ఇస్తాం." భారతి చేతిలో పెన్సిలు కదిలేది కాదు. బయట కిటికీ నిండా ఎండ, కింద హమాలీల గురక, ఎదుట తన మామ ముఖం. ఆ ముఖంలో మామ ఎక్కడా లేడు.

సారంగపాణి భార్య పద్మ ఒక రోజు కాజీపేట నుంచి ఆటోలో వచ్చింది. భారతిని వంటింట్లోకి పిలిచింది.

"మీ మామకు ఏమైందే? పిలిస్తే పలుకుతలేడు. నిన్న రాత్రి నన్నే జూసి హిందీల 'మీరెవరు' అన్నడు. తెల్లారినాక మళ్ళ మంచిగనే ఉంటాండు. దవాఖానకు పోదాం అంటే వద్దంటాండు. మీ గోదాంల ఏం చేపిస్తాన్రు ఆయనతోని?"

భారతి ఆ మర్నాడు కాజీపేట వెళ్ళింది. సారంగపాణి వరండాలో కూర్చుని యార్డులో ఇంజన్లను చూస్తున్నాడు. నెలలోపే సగమైపోయాడు.

"మామా, ఆ కుర్చీల కూసున్నప్పుడు నీకు ఎట్లయితది? నిజం చెప్పు."

ఆయన చూపు ఇంజన్ల మీదే ఉంచాడు. "నాటకంల వేషం వేస్తే నేను లోపట్నే ఉంట బిడ్డా. ఇది గట్ల కాదు. ఇక్కడ కన్ను మూస్త, ఇంకోకాడ తెరుస్త. పెద్ద బిల్డింగు, కిటికీల సముద్రం అగుపడ్తది. నన్ను అందరు దస్తూర్ సాబ్ అంటాన్రు. చేతులు చూస్కుంటె నాయి కావు, తెల్లగ, ఉంగరం ఉంటది." గొంతు తగ్గించాడు. "వాళ్ళు కూడ అడుగుతాన్రు. మంచిగనే అడుగుతాన్రు, మర్యాదగ. వరంగల్ పార్టీ ఎంత దాక వస్తది, బ్యాంకుల లోన్ సాంక్షన్ అయిందా అని. తెలిసింది గద, చెప్పిన. తప్పయిందా?"

భారతి ఆ పూటే తిరుగు బస్సెక్కింది.

ఇంటికి వచ్చి తండ్రికి అంతా చెప్పింది. రిహార్సల్ ఆలోచన తనదేనని, ఇక ఆపేద్దామని బతిమాలింది. వెంకట్రాజం గది ఈ మూల నుంచి ఆ మూలకు నడిచాడు. "మన సంగతులు వాళ్ళకు చేరినయంటె, వాళ్ళ కడా ధర మనకు చేరకపోతె ఎట్లనే? ఒక్కసారి. ఒక్కటే మాట అడుగుత. మళ్ళ సారంగాన్ని ఆ మెట్లెక్కనియ్య."

సారంగపాణి కాదనలేదు. బావ మాట కాదనడం ఆయనకు రాదు.

ఆ ఆఖరి సారి దగ్గు చాలాసేపు ఆగలేదు. ఆగాక ఆయన టేబులు అంచు రెండు చేతులా పట్టుకుని, భారతి వైపు తిరిగాడు.

"అమ్మా, మీరు చదువుకున్నవాళ్ళలా ఉన్నారు. మీరైనా చెప్పండి," అన్నాడు హిందీలో. "భోజనం చేసి ఆఫీసులో కాస్త కన్ను మూస్తాను. తెరిస్తే ఇక్కడుంటాను. ఈ ఘాటు, ఈ వేడి. మీరిద్దరూ ఏదో ఒకటి అడుగుతూనే ఉంటారు. నేను ఆపుకోలేను, చెప్పేస్తాను. మీరెవరు? నన్నెందుకు పిలుస్తున్నారు?"

"బాపూ, వద్దు," అంది భారతి.

వెంకట్రాజం ముఖం పక్కకు తిప్పుకుని అడిగాడు. "కడాకు ఎంతకిస్తరు?"

జ్వరంలో పలవరించే మనిషిలా ఆయన చెప్పాడు. చెప్పి టేబులు మీద తల వాల్చాడు. భారతి ఆయన భుజాలు పట్టి కుదుపుతూ మామా, మామా అని పిలిచింది. ఎంత పిలిచినా లేవలేదు. హమాలీలు లేచారు, సాయంత్రపు లారీ వచ్చి బస్తాలెక్కించుకుని పోయింది. అప్పుడు కళ్ళు తెరిచి, ఇదెవరిల్లు అన్నట్టు చూశాడు. మామే. కానీ చాలా దూరం నడిచి వచ్చినవాడిలా ఉన్నాడు. వెంకట్రాజమే ఆయన ఒంటి మీది కోటు విప్పి, చేయి పట్టుకుని మెట్లు దించాడు.

ఆ నెలాఖరులో దస్తూర్ వచ్చాడు. విమానం చూపించడానికి దాంట్లోనే వచ్చి మామునూరులో దిగాడు. చుట్టుపక్కల ఊళ్ళ జనం కంచె పొడుగునా నిలబడ్డారు. తలుపు తెరుచుకుని, సన్నని, తెల్లని, అరవై ఏళ్ళ మనిషి ఒకాయన దిగాడు. ఎండకు చేయి అడ్డం పెట్టుకుని జనంలో వెతికాడు. భారతిని చూడగానే ఆయన చూపు ఆగిపోయింది. తెలిసిన మనిషిని చూసినట్టు కాదు. పీడకలలో చూసిన మనిషి ఎదురుపడ్డట్టు.

గోదాం దగ్గర కారు దిగగానే, వెంట వచ్చిన పైలట్ ఘాటుకు తట్టుకోలేక రోడ్డు మీదికి పరుగెత్తాడు. దస్తూర్ దగ్గలేదు. ఎవరూ దారి చూపకముందే మెట్ల వైపు నడిచాడు, విరిగిన మెట్టును చూడకుండానే దాటాడు, గదిలోకి వెళ్ళి కిటికీకి వీపు పెట్టి కూర్చున్నాడు.

నెలల తరబడి తయారైన ఆ బేరంలో మాట్లాడటానికేమీ మిగల్లేదు. వీళ్ళు ఎంత దాకా వెళ్తారో ఆయనకు తెలుసు. ఆయన ఎంతకు దిగుతాడో వీళ్ళకు తెలుసు. ఇంజను సంగతి, ఎండ సంగతి, బ్యాంకు సంగతి అన్నీ తెలుసు. దస్తూర్ తన కాగితాల సంచీ తెరవనే లేదు. కింద తూకం వేసేవాళ్ళ అరుపులు వినబడుతున్నాయి. ఇద్దరి మాటలకూ మధ్యన ఉన్న ధర ఒకటి దస్తూర్ కాగితం మీద రాసి ముందుకు జరిపాడు. వెంకట్రాజం తల ఊపాడు. చాయ్ చల్లారక ముందే అంతా అయిపోయింది.

"ఆయన ఎక్కడ?" అని అడిగాడు దస్తూర్ భారతిని.

ఆమె కాజీపేట తీసుకెళ్ళింది. వరండాలో సారంగపాణి లేచి నిలబడ్డాడు. ఇద్దరూ ఒకరి చేతులు ఒకరు చూసుకున్నారు. పద్మ మంచినీళ్ళు తెచ్చి, ఈ కొత్త మనిషిని చూసి తలుపు దగ్గరే నిలిచిపోయింది.

"సాబ్, మాఫ్ చెయ్యిన్రి," అన్నాడు సారంగపాణి.

"నేనూ అడగాల్సింది అదే," అన్నాడు దస్తూర్. "మీ భార్యగారిని ఒకసారి భయపెట్టాను. మీ ఇంట్లో తెల్లవారాక గానీ నాకు దారి దొరకలేదు." కాసేపు రైళ్ళను చూశాడు. "మీరు మానేశారు. కానీ నాకింకా తగ్గలేదండీ. వచ్చే నెల రాజేశ్వర్ రావుతో మా బేరం. మధ్యాహ్నం అయితే చాలు, నీలం పరదాల గది ఒకటి కనబడటం మొదలైంది. వాళ్ళూ తయారవుతున్నారు."

భారతి ఆయనకు దండం పెట్టి కారు దాకా సాగనంపింది. ఆయనతో మాట్లాడటం అదే ఆఖరు.

విమానం వానలు మొదలయ్యాక వచ్చింది. మామునూరులో టెంకాయ కొట్టారు. మొదటి కొన్ని వారాలు తొమ్మిది సీట్లూ నిండాయి. ఆ తర్వాత రాజేశ్వర్ రావు విమానం అదే దారిలో, అదే వేళకు దిగింది. వీళ్ళు టికెట్టు తగ్గిస్తే అవతల ఇంకా తగ్గేది. వీళ్ళు వేళ మారిస్తే, ఆ మార్పు వీళ్ళు బోర్డు మీద రాయకముందే అవతల మారిపోయేది. ప్రభుత్వ సర్వీసు కూడా రాబోతోందని పేపర్లో పడ్డాక వెంకట్రాజం నీరుగారిపోయాడు. అప్పుడే రాజేశ్వర్ రావు నుంచి కబురొచ్చింది: మీ విమానం మేం కొంటాం, కూర్చుని మాట్లాడదాం.

"ఈసారి ఏ తయారీ లేదు బాపూ," అంది భారతి.

వాళ్ళు తయారు కాలేదు. కానీ ఒక మధ్యాహ్నం అన్నం తిని, గోదాం వెనకే ఉన్న ఇంట్లో, మోకాలికి నూనె రాసుకుంటున్న అమ్మ పక్కన చాప మీద కూర్చున్న భారతికి కళ్ళు బరువెక్కాయి. తెరిచేసరికి నీలం పరదాలు.

చల్లటి గది. ఏదో సెంటు వాసన. టేబులుకు అవతల ముగ్గురు మగవాళ్ళు. తన చేతులు చూసుకుంది. సన్నటి నల్లని వేళ్ళు, ఎర్ర గాజులు, గోళ్ళ అంచున టైపు రిబ్బను మరక. ఇంకెవరో అమ్మాయివి.

"అచ్చం ఆ వరంగల్ పిల్ల లెక్కనే చూస్తాంది," అన్నాడొకడు మెచ్చుకోలుగా. మధ్యలో కూర్చున్న పెద్దాయన ముందుకు వంగాడు. ఆయన గొంతు ఎంతో మర్యాదగా ఉంది. "చెప్పమ్మా, మీ నాయిన ఎంతకు దిగుతడు?"

జవాబు దానంతటదే గొంతులోకి ఎక్కి వస్తోంది. వాంతి ఆపుకున్నట్టు ఆపుకోవాలి. మామ ఎలా చెప్పేశాడో, దస్తూర్ ఎలా చెప్పేశాడో భారతికి అప్పుడు అర్థమైంది. పళ్ళు బిగించింది. నాలుక మీద ఉప్పగా రక్తం తగిలింది. ఆ అమ్మాయి నాలుకే కదా అని బాధపడుతూనే ఇంకా గట్టిగా కొరికింది. ఆ మాట లోపలికి జారిపోయాక, "ఈ పిల్లను ఇంటికి పంపున్రి," అని మాత్రం అంది. "మీకు దండం పెడ్త. ఈ పిల్లను ఈ కుర్చీల కూసోవెట్టకున్రి."

కళ్ళు తెరిచేసరికి అమ్మ తనను ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తోంది.

"ఏమైందే బిడ్డా? నన్నే జూసి భయపడ్డవు. 'ఇదేం ఘాటండీ, నన్ను మా అమ్మ దగ్గరికి పంపించెయ్యండి' అనుకుంట బెజవాడ మాటలు మాట్లాడినవు. నేను ఎవలో చెప్పినా ఇనకపోతివి. ఇంత మజ్జిగ ఇస్తె తాగినవు గని."

సాయంత్రం వెంకట్రాజం హైదరాబాదుకు ఫోను కలిపించాడు. భారతి పక్కనే నిలబడింది. ఆయన నమస్కారం కూడా పెట్టలేదు. తను దిగగలిగిన ఆఖరి ధర చెప్పి, "గింతకే ఇస్త, బేరం లేదు. ఇగ ఆ టైపు చేసే పిల్లను ఏం అడగకున్రి," అన్నాడు. అవతల లైను గరగరలాడింది. ఆ తర్వాత రాజేశ్వర్ రావు, "సరే," అన్నాడు. గొంతులో ఏ మర్యాదా లేదు. భయం మాత్రం ఉంది.

సంతకాలకు భారతి తండ్రితో హైదరాబాదు వెళ్ళింది. ఆఫీసులో తలుపు పక్కనే ఒక అమ్మాయి టైపు కొడుతోంది. ఎర్ర గాజులు. భారతి ఆమె ముందు ఆగింది. మిషను చప్పుడు ఆగిపోయింది. ఆ అమ్మాయి లేచి నిలబడి, భారతి ముఖంలోకి చూసి, చుట్టూ ఎవరూ వినడం లేదని చూసుకుని, మెల్లిగా అడిగింది.

"మీ అమ్మగారి మోకాలి నొప్పి తగ్గిందాండీ?"